రాతి గొడ్డలి చిరునామా

షార్జా నుండి ధైద్, మసాఫీల మీదుగా ఫుజైరాకు వెళ్ళే దారిలో ఎర్రని ఇసుక తిన్నెలు ముగిసిన తరువాత గరుకైన నల్లని కొండలు మొదలవుతాయి. సెలవు రోజున సముద్రతీరానికి బయలుదేరిన కుటుంబాలు వాటిని కారు అద్దంలోంచి చూసి ముందుకు సాగిపోతాయి. చెట్టూ చేమా లేని ఆ గుట్టలలో చూడదగినది ఏమున్నదని పిల్లలు అడిగితే పెద్దలకు సమాధానం తోచదు. నిజానికి అవి ఒకప్పటి సముద్రగర్భం. సుమారు తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాల క్రిందట సముద్రం అడుగున శిలాద్రవం చల్లారి ఏర్పడిన పొరలు, భూఫలకాల ఒత్తిడికి నేల మీదికి ఎక్కి, హజర్ పర్వతాలలో భాగమైనవి. వాటిలో గాబ్రో అనే నల్లరాయి విస్తారంగా ఉన్నది. ఇప్పుడు దానిని పగులగొట్టి కంకరగా వాడుతున్నారు.

నాలుగు వేల సంవత్సరాల క్రిందట ఈ ప్రాంతపు నల్లరాతికి ఇంతకంటె మర్యాద ఉండేది. మెసొపొటేమియాలో లగాష్ నగరాన్ని క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఏలిన గుడియా, తన విగ్రహాలకు కావలసిన నల్లని శిలను మగన్ దేశపు కొండల నుండి తెప్పించినట్లు ఆ విగ్రహాల మీదనే చెక్కించుకొన్నాడు. మగన్ అనగా నేటి ఒమన్, ఎమిరేట్ల ప్రాంతమని పండితుల అభిప్రాయం. చమురు కంటె నలభై శతాబ్దాల ముందే ఈ నేల నుండి రాయి ఎగుమతి అయినదన్నమాట.

గుడియాకు రాత ఉన్నది కనుక సంగతి తెలిసింది. రాత లేని కాలంలో, రాత లేని ఊరివారు చేసిన రాతి వ్యాపారాన్ని ఎట్లా తెలుసుకోవడం? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తెలుగువారికి చాలా దగ్గరి చోటు ఒకటి ఉన్నది. అది బళ్ళారి. అక్కడి రాయి కూడ ఈ గాబ్రోకు దాయాదియే.

ఆ దాయాదితనం వంటింటి ఉదాహరణతో సులభంగా తెలుస్తుంది. పంచదార పాకాన్ని కదపకుండా రోజుల తరబడి ఉంచితే పెద్ద పలుకుల పటికబెల్లం అవుతుంది. గరిటెతో త్రిప్పుతూ త్వరగా ఆరబెడితే సన్నని రవ్వగా మిగులుతుంది. పదార్థం ఒకటే, చల్లారిన వేగం వేరు. అదే విధంగా ఒకే రకపు శిలాద్రవం భూమి లోతున నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాల గాబ్రో, పాత రాళ్ళ పగుళ్ళలోకి చొచ్చుకొనిపోయి మరికొంత వేగంగా చల్లారితే సన్నని స్ఫటికాల డోలరైటు, భూమిపైకి పొర్లి ఇంకా త్వరగా చల్లారితే బసాల్టు ఏర్పడతాయి. మన ఇళ్ళలో వంటగట్లకు వేసే ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి, అందులో బంగారు చుక్కలు మెరిసే ‘గెలాక్సీ’, వ్యాపారులు ఏ పేరుతో అమ్మినా, శాస్త్రరీత్యా గ్రానైటు కానే కాదు. అదీ గాబ్రో జాతిదే.

బళ్ళారి అనగానే తెలుగువారికి నటుడు రాఘవ గుర్తుకు వస్తారు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, బళ్ళారి పట్టణంతో సహా మిగిలిన భాగం మైసూరుకు వెళ్ళినది. ఆ నగరానికి ఈశాన్యంగా, కొద్ది కిలోమీటర్ల దూరంలో సంగనకల్లు, కప్పగల్లు అనే ఊళ్ళు ఉన్నవి. రెండవ దానిని ఆంగ్ల గ్రంథాలలో కుప్గల్ అని వ్రాస్తారు. ఈ పేర్లలోని ‘కల్లు’ త్రాగేది కాదు, కన్నడంలో రాయి. తెలుగులో ఆ మాట విడిగా పోయినా సన్నికల్లులో మిగిలి ఉన్నది. కన్నడంలో ‘కప్పు’ అంటే నలుపు కనుక, కప్పగల్లు అనే పేరుకు నల్లరాయి అనే అర్థమే ఉన్నదేమో. ఊళ్ళ ప్రక్కన ఉన్న కొండలలో పెద్దదాని పేరు హిరేగుడ్డ. ఇక్కడ ‘గుడ్డ’ కట్టుకొనేది కాదు, కొండ.

ఈ కొండలు గుండ్రని గ్రానైటు బండలు పేర్చినట్లుండే గుట్టలు. రాయలసీమ వారికి కొత్తవి కావు. అయితే హిరేగుడ్డ గ్రానైటును చీల్చుకొంటూ ఒక నల్లని చార పోతున్నది. అతి ప్రాచీన కాలంలో గ్రానైటు పగులులోకి శిలాద్రవం ఎగదన్నుకొని వచ్చి గోడవలె గడ్డకట్టినది. భూవిజ్ఞానులు దీనిని డైకు అంటారు. ఈ నల్లని గోడయే ఇక్కడి కథకు మూలం.

మొదట దీని విలువ గుర్తించినవారు పురాతత్త్వవేత్తలు కారు. కప్పగల్లు కొండ మీద రాతి గొడ్డళ్ళు తయారైన చోటును 19వ శతాబ్దిలో జిల్లా ఇంజనీరు విలియం ఫ్రేజర్ కనుగొని, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు చూపించాడు. 1863లో మద్రాసు సమీపాన పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి, భారతదేశంలో ఆ శాస్త్రానికి పునాది వేసినవాడు ఈ ఫుట్. 1892లో ఫాసెట్ అనే అధికారి అక్కడి బండల మీద చెక్కిన బొమ్మలను గురించి వ్రాశాడు. తరువాత అర్ధశతాబ్దం పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1940ల చివర పుణె డెక్కన్ కళాశాల నుండి వచ్చి సంగనకల్లులో శాస్త్రీయంగా త్రవ్వకాలు జరిపినవాడు బెండపూడి సుబ్బారావు. 1948లో వెలువడిన ఆయన ‘బళ్ళారి శిలాయుగ సంస్కృతులు’ అనే ఆంగ్ల గ్రంథం దక్షిణాది నవశిలాయుగానికి తొలి క్రమబద్ధమైన చరిత్రలలో ఒకటి. ఆయన బరోడాలో ఆచార్యుడై, 1962లో నడివయస్సులోనే మరణించాడు. తెలుగు పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు కనిపించకపోవడం విచారకరం. 1964–65లో అన్సారీ, నాగరాజరావులు మళ్ళీ త్రవ్వినారు. 1990ల చివరి నుండి ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, ఆయనతో కలిసి నికోల్ బోవిన్, డోరియన్ ఫుల్లర్ మొదలైనవారు చేసిన పని వలన ఊరి జీవితం మొత్తంగా కనిపించసాగినది.

ఆ ఊరి కాలం సుమారుగా క్రీ.పూ. 2000 నుండి 1200 వరకు. మనుషులు కొండల మీదనే గుండ్రని ఇళ్ళు కట్టుకొన్నారు. ఆవులు, మేకలు, గొర్రెలు పెంచారు. బూడిదలో, మట్టిలో మిగిలిన మాడిన గింజలను నీటిలో తేల్చి వేరుచేసి, సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే వారి భోజనం తెలిసింది. అండుకొర్రలు, కొర్ర జాతికి చెందిన మరొక చిరుధాన్యం, ఉలవలు, పెసలు. ఉలవచారు కోసం హైదరాబాదు నుండి పొట్లాలు తెప్పించుకొనేవారికి ఈ జాబితా పరాయిదిగా తోచదు. గోధుమ, యవలు కూడ కొద్దిగా కనిపించినవి. అవి పశ్చిమాసియాలో పుట్టి ఎన్నో చేతులు మారి వచ్చిన పంటలు. అనగా రాత, నాణెం, బండిబాట ఏదీ లేని ఆ కొండ ఊరు లోకానికి దూరంగా లేదు. వారు మాట్లాడిన భాష ఏదో గింజలూ చెప్పవు, రాళ్ళూ చెప్పవు. అది ఫలానా భాషయేనని గట్టిగా వాదించేవారి ఉత్సాహం మెచ్చుకోదగినదే గాని, ఆధారం చాలదు.

ఆ కాలపు గుర్తులలో రసాయన శాస్త్రానికి నేరుగా పని పెట్టినవి బూడిద దిబ్బలు. బళ్ళారి, రాయచూరు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఇవి కనిపిస్తాయి. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బ వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకొంటారు. కొన్నింటిలో బూడిద కరిగి గాజువలె, లోహపు చిట్టెము వలె గడ్డకట్టి ఉండడంతో అగ్నిపర్వతాలనీ, లోహపు కొలుములనీ రకరకాలుగా ఊహించారు. జ్యూనర్ అనే శాస్త్రజ్ఞుడు 1950ల చివర పరీక్షించి, అది ఆవుపేడ బూడిదయేనని చూపాడు. గడ్డి కాడలో ఇసుక పదార్థమైన సిలికా ఉంటుంది. పేడ బూడిదలో పొటాషియం వంటి క్షారాలు ఉంటాయి. సిలికాకు క్షారం తోడై గట్టి వేడి తగిలితే గాజు పుట్టక తప్పదు. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) 1957లో ఆల్చిన్ త్రవ్వినప్పుడు బూడిద పొరలలో పశువుల గిట్టల గుర్తులు కూడ బయటపడినవి. అవి మందలను తోలిన దొడ్లే. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బ కూడ ఈ కోవకు చెందినదే.

ఇక గొడ్డళ్ళ సంగతి. రాతి పనిముట్టు చేయడం మనిషికి ఎంతో పాత విద్య. షార్జాలోని జెబెల్ ఫాయా వద్ద లక్షా పాతికవేల సంవత్సరాల నాటి పనిముట్లు దొరికినట్లు 2011లో ప్రకటించారు. 2025లో ఆ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. అయితే తన అవసరానికి పనిముట్టు చేసుకోవడం వేరు, ఎక్కడివారి కోసమో వరుసగా చేసి పెట్టడం వేరు. హిరేగుడ్డ మీద కనిపించేది రెండవది.

పని నాలుగు దశలలో సాగినది. మొదట డైకు నుండి తగిన దిమ్మెను ఎన్నుకోవాలి. డోలరైటులో ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ స్ఫటికాలు అల్లిన చాపవలె ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. అందువలన ఒక దిక్కుగా చీలిపోదు; దెబ్బకు ఓర్చుకొంటుంది. నీటికంటె సుమారు మూడు రెట్లు బరువు. గ్రానైటు దానికంటె తేలిక. లోపల పగులు లేని మంచి దిమ్మెను కొట్టితే లోహం వలె ఖంగుమంటుంది. కుండలు కొనే ఇల్లాలు వ్రేలితో తట్టి చూసినట్లే ఆనాటి పనివాడు రాతిని తట్టి చూసి ఉంటాడని ఊహించవచ్చు. రెండవ దశలో సుత్తిరాతితో రెండు ప్రక్కలా పెచ్చులు లేపి గొడ్డలి రూపు తేవాలి. చేయి తప్పే చోటు ఇదే. ఒక్క దెబ్బ లోతుగా పడితే పూట శ్రమ రెండు ముక్కలవుతుంది. మూడవ దశలో చిన్న దెబ్బలతో పొక్కిళ్ళు, గుబ్బలు చదును చేయాలి. చివరిది నూరడం.

నూరడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. డోలరైటులోని ఖనిజాల కాఠిన్యం మోస్ కొలమానంలో ఇంచుమించు 6. గ్రానైటులో ఉండే క్వార్ట్జు కాఠిన్యం 7. కనుక నల్లరాతిని అరగదీయగలిగిన తెల్లరాయి దాని ప్రక్కనే ఉన్నది. ఇసుక, నీళ్ళు చల్లి గ్రానైటు బండ మీద ముందుకూ వెనుకకూ రుద్దితే గొడ్డలి అరుగుతుంది, బండ కూడ అరుగుతుంది. ఆ విధంగా పడిన నున్నని గాడులు ఆ కొండల బండల మీద నేటికీ ఉన్నవి. పెండ్లిలో వధువు పాదం మోపే సన్నికల్లు నడుమ పడిన గుంటను చూసినవారికి వాటిని గురించి వేరే చెప్పనక్కరలేదు.

నునుపు చేయడం అందం కోసమేనని అనుకోరాదు. గరుకైన అంచులో ప్రతి చిన్న నొక్కు దగ్గర దెబ్బ బలం కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. నూరిన అంచులో ఆ బలహీనపు చోట్లు తగ్గుతాయి. మొండిబారినప్పుడు పారవేయక మళ్ళీ నూరుకోవచ్చు. అడవి కొట్టి చేను చేసుకొనేవారికి ఇదే కావలసినది.

హిరేగుడ్డ మీద ఒక చోట రాళ్ళు గుండ్రంగా పేర్చిన కట్టడం లోపలా చుట్టూ డోలరైటు పెచ్చులు పొరలు పొరలుగా పేరుకొని ఉన్నవి. కర్బన-14 పరీక్షలను బట్టి ఈ పని ఉధృతంగా సాగినది క్రీ.పూ. 1400–1200 ప్రాంతంలో, అనగా ఊరి చివరి దశలో. ఆ పోగులో దొరికే గొడ్డళ్ళు అధికంగా నడుమ విరిగినవి, వంకర పోయినవి, సగంలో విడిచినవి. మంచివి అక్కడ ఉండవు, వెళ్ళిపోయినవి. కంసాలి దుకాణంలో నగ దొరకదు, ఊడ్చిన దుమ్ములో రజను దొరుకుతుంది. ఒక ఊరి చేలకు, ఒక ఊరి కట్టెలకు ఇన్ని గొడ్డళ్ళు అక్కరలేదు. కనుక అవి ఇతర ఊళ్ళకు పోయినవని నిర్ధారించడానికి మొదటి సాక్షి ఈ చెత్తకుప్పయే. ఎదురు దిశలో వచ్చిన సరకు కూడ కనిపిస్తుంది. సన్నని కత్తిపలుకులు చేయడానికి వాడిన చెర్టు, చాల్సెడొనీ వంటి రాళ్ళు ఆ గ్రానైటు గుట్టలలో పుట్టేవి కావు. దీనిని వ్యాపారమనే మాటతో పిలిచినా, నేటి అంగడిని ఊహించుకోరాదు. గొడ్డలికి బదులు దూడ, గింజలు, పెండ్లి సంబంధం, మాటసాయం – ఏదైనా కావచ్చు.

చెత్తకుప్ప చెప్పేది ‘పోయినవి’ అని మాత్రమే. ‘ఎక్కడికి’ అన్నదానికి రసాయన శాస్త్రం కావాలి. ఈ విద్య జపానులో చక్కగా ఫలించినది. అక్కడి పూర్వులు అబ్సీడియన్ అనే అగ్నిపర్వతపు గాజుతో పనిముట్లు చేసేవారు. కరిగి ఒక్కసారిగా చల్లారిన గాజు కనుక ఒక ప్రవాహంలో ఎక్కడ చూసినా కూర్పు దాదాపు ఒకటే. ఒక అగ్నిపర్వతానికీ మరొకదానికీ మాత్రం లేశ మూలకాల పాళ్ళలో తేడా. టోక్యోకు దక్షిణాన సముద్రంలో ఉన్న కోజుషిమా దీవి గాజు, సుమారు 38,000 సంవత్సరాల క్రిందటనే ప్రధాన ద్వీపానికి చేరినట్లు ఈ పాళ్ళే చెప్పినవి. పడవ దొరకలేదు, పడవ ప్రయాణం దొరికినది. తరువాతి జోమోన్ యుగపు పెద్ద ఊరు సన్నాయ్-మరుయామాకు కూడ జలసంధి అవతలి హొక్కైడో నుండి ఈ గాజు వచ్చేది. ఇంగ్లండులో వేరొక దారి పట్టారు. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, కాంతి ప్రసరించే రేకుగా చేసి సూక్ష్మదర్శినిలో చూసి, వాయవ్యాన లాంగ్‌డేల్ కొండల గొడ్డళ్ళు వందల కిలోమీటర్ల దూరంలోని తూర్పు తీరం దాకా వెళ్ళినట్లు పోల్చారు.

డోలరైటు ఇంత సులభంగా లొంగదు. అనంతపురం, కర్నూలు, పాలమూరు సీమలన్నిటా డైకులు ఉన్నవి. ఏ డైకును తీసుకొన్నా సిలికా ఇంచుమించు 50 శాతం, తరువాత అల్యూమినియం, ఇనుము, కాల్షియం, మెగ్నీషియంల ఆక్సైడులు. ఈ పెద్ద పాళ్ళు చూసి ఊరు చెప్పడమంటే, సాంబారులో పప్పు ఉన్నదని చూసి వండిన ఇల్లు చెప్పడం వంటిది. చెప్పవలసినది పోపు. జిర్కోనియం, నియోబియం, ఇట్రియం, విరళ మృత్తిక మూలకాలు పది లక్షల పాళ్ళలో కొన్ని పాళ్ళుగా మాత్రమే ఉంటాయి. శిలాద్రవం ఏ లోతున, ఎంత కరిగి, ఎట్లా పైకి వచ్చినదో దానిని బట్టి వాటి నిష్పత్తులు మారుతాయి. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పద్ధతిలో గొడ్డలిని పగులగొట్టకుండానే కొన్నింటిని కొలవవచ్చు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. చేతిలో పట్టే యంత్రం రాతి పైపొరనే ప్రధానంగా చదువుతుంది. మూడు వేల ఏండ్లు మట్టిలో పడి ఉన్న రాతి పైపొరలో కాల్షియం కరిగిపోయి, ఇనుము తుప్పుగా మారి ఉంటుంది. కదలక నిలిచే జిర్కోనియం వంటివాటినే నమ్మి, కదిలే మూలకాలను ప్రక్కన పెట్టాలి. యంత్రం చూపిన అంకెలన్నీ నిజమని పట్టికలు నింపేవారికి ఈ సంగతి మాటిమాటికీ గుర్తుచేయవలసి వస్తున్నది.

ఈ పోలికకు రెండు వస్తువులు కావాలి. దూరాన దొరికిన గొడ్డలి ఒకటి; పుట్టిన చోట నిలిచి ఉన్న రాయి రెండవది. ఆ రెండవదానికే ప్రమాదం వచ్చినది. కప్పగల్లు డైకు బండల మీద ఎద్దులు, మనుషుల బొమ్మలు వందల కొలదిగా చెక్కి ఉన్నవి. అక్కడి కొన్ని బండలను గ్రానైటు రాయితో కొట్టితే గంటవలె మ్రోగుతాయి. పదే పదే కొట్టిన చోట పల్లాలు పడి ఉన్నవి. 2004లో నికోల్ బోవిన్ ఈ మ్రోగే రాళ్ళను గురించి ప్రకటించినప్పుడే, ఆ ప్రాంతంలో రాతి క్వారీల వలన కొంత భాగం అప్పటికే నాశనమైనదనీ, మిగిలినదానికి భయమున్నదనీ హెచ్చరించారు. గొడ్డలికి పనికి వచ్చిన గుణమే, ఆ ఓర్పే, కంకరకూ పనికి వస్తుంది. క్వారీ కూలికి ఆ రోజు కూలి కావాలి. అతనిని తప్పు పట్టి లాభం లేదు. కాని మరపట్టిన కంకరలో డైకు రాయి, చెత్తకుప్పలోని పెచ్చు, నూరిన గాడి అన్నీ కలిసిపోతాయి. అట్లా కలిసిన తరువాత విశ్లేషణకు మిగిలేది కూర్పు మాత్రమే. ఆ కూర్పు ఏ చోటిదో చెప్పే సాక్షి ఉండదు.

కోరిశెట్టర్ మొదలైనవారి పూనికతో బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఒక ప్రదర్శనశాల వెలసినది. ఫుట్ స్వయంగా సేకరించిన రాళ్ళు 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరి, ఎగ్మూరులో ఉన్నవి. ఆయనకు ఒక మంచి అలవాటు ఉండేది. ఏ రాయి ఏ ఊరి దగ్గర దొరికినదో ఊరు పేరుతో సహా వ్రాసిపెట్టేవాడు. చనిపోయిన తరువాత అచ్చయిన ఆయన సూచీ గ్రంథం ఆ విధంగా ఊళ్ళవారీగానే సాగుతుంది. ఒక గొడ్డలి ఎక్కడికి చేరినదో ఆ చీటీ చెబుతుంది. ఎక్కడ నుండి బయలుదేరినదో చెప్పవలసిన నల్లని గోడ హిరేగుడ్డ మీద ఉన్నది.